భూకంపం వస్తే అగ్నిపర్వతం లేస్తుందా?

సిక్కోలు_కెరటం
2025 ఆగస్టు 4, రాత్రి 9:12

అందరికీ నమస్కారం. మాది సంతబొమ్మాళి వైపు తీరపల్లె. మా తాత వేటకని పోర్ట్‌బ్లెయిర్ వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. నేను పుట్టిందీ పెరిగిందీ ఇక్కడే. 2004 డిసెంబరు 26 నాటికి నాకు పదకొండేళ్లు. ఆదివారం, ఆరున్నర దాటింది, ఇంకా పక్కమీదే ఉన్నాను. ఇంటిని ఎవరో పట్టుకుని ఊపినట్టయింది. అటకమీది గిన్నెలన్నీ కింద పడ్డాయి. మా నాన్న కేకలేస్తూ అందర్నీ మెట్టమీదకి తోలీసినాడు. ఆ తరవాత సముద్రం ఏం చేసిందో మీకు తెలిసిందే.

ఐదు నెలలు తిరిగేసరికి మా వైపు అగ్నిపర్వతం ఉన్న బారెన్ దీవి అంటుకుంది. 2005 మే నెలాఖరు. రాత్రి నీళ్ల మీద ఎర్రటి వెలుగు కనిపించిందని పడవలోళ్లు చెప్పేవారు. అప్పట్నుంచి మా ఇంట్లో ఒకటే మాట, ఆ భూకంపమే కొండని లేపిందని.

మొన్న జులై 30న రష్యా తూర్పు చివర కంచట్కాలో 8.8 తీవ్రతతో భూకంపం వచ్చింది. వెంటనే అక్కడి అగ్నిపర్వతం క్లుచెవ్‌స్కోయ్ మండింది. నిన్న క్రషెనిన్నికోవ్ కూడా లేచింది, అదైతే కొన్ని వందల ఏళ్లుగా పడుకునున్న కొండంట. ఇక ప్రపంచంలో అగ్నిపర్వతాలన్నీ వరసగా పేలతాయని వీడియోల మీద వీడియోలు వస్తున్నాయి. మా నాయనమ్మ రెండు రాత్రులుగా నిద్రపోలేదు. బట్టలు మూటగట్టి తలుపు దగ్గర పెట్టుకుంది. ధైర్యం చెబుదామంటే సంగతి నాకే సరిగ్గా తెలీదు. తెలిసినవాళ్లు చెప్పండి, భూకంపం అగ్నిపర్వతాన్ని లేపుతుందా?


నల్లరాయి
2025 ఆగస్టు 4, రాత్రి 10:40

బాబూ, ముందు నాయనమ్మగారిని ఆ మూట విప్పేయమను. కంచట్కా కదలిక బారెన్ దీవికి చేసేదేమీ లేదు. రెంటికీ మధ్య దూరం వేల కిలోమీటర్లు.

నేను రాజమండ్రిలో ముప్పై ఏళ్లు భూగర్భశాస్త్రం చెప్పి రిటైరైనవాణ్ణి. పిల్లలకి మొదటిరోజే చెప్పేవాణ్ణి, భూకంపాలూ అగ్నిపర్వతాలూ చాలాచోట్ల ఒకే తల్లి బిడ్డలని. భూమి పైపెంకు పెద్ద పెద్ద ముక్కలుగా ఉంటుంది, వాటినే పలకలంటాం. సముద్రం అడుగు పలక ఒకటి పక్క పలక కిందికి దూరుతుంది. దూరేచోట రాయి రాయిని పట్టుకుంటుంది, వందల ఏళ్లు బిగుసుకుని ఉండి ఒకనాడు జారుతుంది. అది భూకంపం. అదే పలక దిగుతూ దిగుతూ తనతోపాటు నీళ్లు మోసుకుపోతుంది. సుమారు 100 కిలోమీటర్ల లోతుకి చేరాక ఆ నీరు పైనున్న వేడి రాతిలోకి ఎక్కుతుంది. నీరు చేరిన రాయి తక్కువ వేడికే కరుగుతుంది. కరిగింది తేలికై పైకి వస్తుంది. అది అగ్నిపర్వతం. కంచట్కా, జపాన్, ఇండొనేషియా, చిలీ, మీ అండమాన్, అన్నిచోట్లా కథ ఇదే. పక్కపక్కన ఉన్నాయి కాబట్టి ఒకటి ఇంకోదాన్ని కన్నదని మనకి అనిపిస్తుంది.

బిడ్డలు ఇద్దరూ ఎప్పుడూ కలిసే ఉంటారనీ లేదు. 2015లో నేపాల్లో 7.8 వచ్చింది, హిమాలయాల్లో అగ్నిపర్వతమేది? అక్కడ రెండు భూఖండాలు ఢీకొంటున్నాయి, కిందికి నీళ్లు మోసుకెళ్లే సముద్రపు పలక ఇప్పుడు లేదు. హవాయి సంగతి దీనికి తిరగేసినట్టు. పలకల అంచుకి ఎంతో దూరంలో, పసిఫిక్ నడిమధ్యన లావా పారుతుంది.


ములుగు_మట్టి
2025 ఆగస్టు 4, రాత్రి 11:05

సార్, నాదో డౌటు. పోయినేడు డిసెంబరు 4న పొద్దుగాల ఏడున్నరకు మా దిక్కు భూమి అదిరింది గద, 5.3 అన్నరు. హైదరాబాద్ల, విజయవాడల గూడ తెలిసిందట. మా ఊర్ల అయితే మస్తు భయపడ్డరు. మణుగూరు దగ్గర పగిడేరుల బొగ్గు కోసం బోర్లు వేస్తే మసిలే నీళ్లు ఎగజిమ్మినయి, ఇప్పటికీ వస్తున్నయి. భూమిల అగ్నిపర్వతం ఉన్నదని, గందుకే అదిరిందని మా బస్తీల ఒకాయన గట్టిగ చెప్తుండు. నిజమేనా?


నల్లరాయి
2025 ఆగస్టు 4, రాత్రి 11:31

కాదు నాయనా. వేడినీళ్లు ఉన్నంత మాత్రాన కింద నిప్పు ఉన్నట్టు కాదు. భూమిలోకి కిలోమీటరు దిగితే మామూలుగా 25, 30 డిగ్రీలు పెరుగుతుంది. వాననీరు లోతైన పగుళ్లలోకి ఇంకి, అక్కడ కాగి, మళ్లీ దారి దొరికినచోట పైకొస్తుంది. గోదావరి లోయ అలాంటి పగుళ్ల పుట్ట. కోట్ల ఏళ్ల కిందట భూమి చీలి కుంగిన పల్లం అది, బొగ్గు పేరుకున్నదీ ఆ పల్లంలోనే. ఆ పాత పగుళ్లు అప్పుడప్పుడూ సర్దుకుంటాయి. 1969 ఏప్రిల్లో భద్రాచలం దగ్గర 5.7 వచ్చింది. మీ ములుగుదీ ఆ కుటుంబమే. మాగ్మాతో, అంటే లోపల కరిగిన రాతితో సంబంధం లేదు.

మన నేలకి అగ్నిపర్వత చరిత్ర లేదని మాత్రం అనను. నా పేరు నల్లరాయి అని ఊరికే పెట్టుకోలేదు. మా గౌరీపట్నం, పంగిడి క్వారీల్లో కంకర కొట్టే రాయి సుమారు 6.6 కోట్ల ఏళ్ల కిందటి లావా. దక్కను పీఠభూమి మీద పొంగిన లావాలోదే ఇక్కడిదాకా వచ్చిందని చాలామంది శాస్త్రజ్ఞుల అభిప్రాయం. రెండు లావా పొరల మధ్య సున్నపురాయి, అందులో నత్తగుల్లలు దొరుకుతాయి. ఒక పొంగుకీ మరో పొంగుకీ నడుమ ఇక్కడ నీళ్లు నిలిచాయి, ప్రాణులు బతికాయి. పిల్లల్ని తీసుకెళ్లి ఆ గుల్లలు చేతిలో పెడితే వాళ్ల మొహాలు చూడాలి! ఆ నిప్పు చల్లారి కోట్ల ఏళ్లయింది. మీ బస్తీ పెద్దాయనకి చెప్పు.


తెరచాప
2025 ఆగస్టు 5, ఉదయం 6:18

మాస్టారూ, మీరు చెప్పింది బాగుంది గానీ కెరటం తమ్ముడి ప్రశ్నకి అది పూర్తి జవాబు కాదు. భూకంపం తరవాత కొండ లేచిన సందర్భాలు గట్టివే ఉన్నాయి.

1960 మే 22న చిలీలో 9.5 వచ్చింది. మనిషి కొలిచిన భూకంపాల్లో అంతకు మించింది లేదు. 38 గంటల్లో అక్కడి కొర్డోన్ కౌయె అగ్నిపర్వతం పగిలి లావా కక్కింది. 1707 అక్టోబరు 28న జపాన్‌లో హోయెయ్ భూకంపం, సరిగ్గా 49 రోజులకి ఫుజి బద్దలైంది, బూడిద ఎదో పట్నం దాకా, అంటే ఇప్పటి టోక్యో దాకా కురిసింది. 1835లో చిలీ భూకంపాన్ని డార్విన్ స్వయంగా అనుభవించాడు, అక్కడి అగ్నిపర్వతాలు అదే సమయంలో చురుకెక్కాయని రాశాడు. 1998లో లిండే, సాక్స్ అనే ఇద్దరు పాత రికార్డులన్నీ లెక్కగట్టారు. 8 దాటిన భూకంపం వచ్చిన ఒకటి రెండు రోజుల్లో, 750 కిలోమీటర్ల లోపల, మామూలుగా ఉండాల్సిన దానికంటే ఎక్కువ విస్ఫోటనాలు కనిపించాయి. ఇన్ని ఉండగా "సంబంధం లేదు" అంటే ఎలా?


నల్లరాయి
2025 ఆగస్టు 5, ఉదయం 8:02

సంబంధం లేదని నేను అనలేదు తెరచాప గారూ. ఒకటి ఇంకోదాన్ని కనదు అన్నాను. లేపడం వేరే మాట, దానికే వస్తున్నాను.

మనవాళ్లు కాకతాళీయం అంటారు. కాకి వాలింది, తాటిపండు రాలింది. కాకి వల్ల రాలిందా, రాలబోయే పండు మీద కాకి వాలిందా? నా మటుకు ఈ విషయమంతా ఆ చెట్టుకిందే ఉంది. ముచిక సడలిన పండైతే కాకి వాలినా రాలుతుంది. ముదరని కాయ మీద గద్ద వచ్చి వాలినా కదలదు. మీరు చెప్పిన చిలీ 1960, ఫుజి 1707, రెండూ పండిన పండ్లు. లోపల మాగ్మా నిండి, వాయువు పట్టి, పైకప్పు పల్చబడి ఉన్న కొండని భూకంపం ఒక తోపు తోసింది. కొండ సిద్ధంగా లేకపోతే 9 వచ్చినా ఏమీ జరగదు.

ఇక లెక్కల సంగతి. భూమ్మీద ఏ రోజు చూసినా నలభై, యాభై అగ్నిపర్వతాలు మండే దశలో ఉంటాయి. 7 దాటిన భూకంపాలు ఏడాదికి సుమారు పదిహేను. ఇన్ని కాకులు, ఇన్ని తాటిచెట్లు ఉన్నప్పుడు ఎక్కడో ఒకచోట రెండూ ఒకే వారంలో పడటం వింతేముంది? క్లుచెవ్‌స్కోయ్‌నే తీసుకోండి, జులై 30కి ముందే అది మండుతోంది. పాత రికార్డులకి ఇంకో చిక్కుంది. పెద్ద భూకంపం రాగానే జనం కొండవైపు చూస్తారు, పొగ కనిపిస్తే రాస్తారు. మామూలు రోజుల్లో అదే పొగని ఎవరూ రాయరు.


తెరచాప
2025 ఆగస్టు 5, మధ్యాహ్నం 12:47

చివరి మాట న్యాయమైంది, ఒప్పుకుంటాను. పండు మాట కూడా ఒప్పుకుంటాను, ఎందుకంటే దానికి నేనే సాక్షిని.

2011 మార్చి 11న జపాన్‌లో తొహొకు భూకంపం, 9.0. నేనప్పుడు షిజువోకాలో ఒక చిన్న యంత్రాల ఫ్యాక్టరీలో పని చేస్తున్నాను. నాలుగు రోజులకి, 15వ తేదీ రాత్రి పదిన్నరకి, ఫుజి దక్షిణపు పాదం కిందే 6 దాటిన భూకంపం వచ్చింది. మా డార్మిటరీ కిటికీలోంచి పగలు ఫుజి కనిపిస్తుంది. ఆ రాత్రి ఎవ్వరం పడుకోలేదు. 1707 సంగతి అక్కడ బడిపిల్లలకి కూడా తెలుసు, అందరి నోటా 49 రోజుల లెక్కే. మే నెలాఖరు వరకూ రోజూ లేవగానే ఆ కొండ నెత్తి వైపు చూసేవాణ్ణి. ఏమీ కాలేదు. ఇప్పటికీ ఏమీ కాలేదు. ఆ తరవాత తెలిసింది, జపాన్‌లో ఇరవై దాకా అగ్నిపర్వతాల కింద చిన్న అదుర్లు పెరిగాయి గానీ పెద్ద విస్ఫోటనం ఒక్కటీ రాలేదు. పైగా కొన్ని అగ్నిపర్వత ప్రాంతాలు పదిహేను సెంటీమీటర్ల దాకా కుంగాయట. అంత భూకంపానికి కొండలు లేవాల్సింది పోయి కుంగాయి!

కానీ ఒక్కటి నాకు మింగుడుపడదు. 1952లో ఇదే కంచట్కాలో 9.0 వచ్చింది. సుమారు వెయ్యేళ్లుగా నిద్రలో ఉన్న బెజిమ్యాన్నీ 1955లో లేచి, 1956 మార్చిలో ఘోరంగా పేలింది. మూడేళ్లు గడిచింది కాబట్టి సంబంధం లేదందామా? గడువు ఎవరు పెట్టారు?


సూదిగీత
2025 ఆగస్టు 5, రాత్రి 8:55

చాలాకాలంగా చదువుతున్నాను, రాయడం ఇదే మొదటిసారి. భూకంప నమోదు కేంద్రంలో టెక్నీషియన్‌గా పనిచేశాను. పాత రోజుల్లో డ్రమ్ముకి కాగితం చుట్టి, సూది గీసే గీతలు చూస్తూ రాత్రులు గడిపినవాణ్ణి. మీ ఇద్దరూ పెద్ద భూకంపం గురించే మాట్లాడుతున్నారు. అసలు దగ్గరి బంధుత్వం చిన్న భూకంపాలది. అక్కడ కథ తిరగబడుతుంది. భూకంపం కొండని లేపడం కాదు, లేస్తున్న కొండే భూకంపాలు పుట్టిస్తుంది.

మాగ్మా పైకి రావాలంటే రాతిని చీల్చుకోవాలి. ఎండిన వెదురు కణుపు విరిగినట్టు టక్కున మొదలై టక్కున ఆగే గీత వస్తుంది. అది రాయి విరిగిన చప్పుడు. రెండో రకం వేరు. గీత మెల్లగా మొదలై, గుండ్రంగా ఊగుతూ, తీరుబడిగా తగ్గుతుంది. పగుళ్లలో వాయువో ద్రవమో కదులుతుంటే వచ్చేది అది. మూడోది ఆగకుండా వణికే గీత, ట్రెమర్ అంటాం. పొయ్యిమీద ఎసరు మరిగేటప్పుడు మూత తకతకలాడుతూనే ఉంటుంది చూడండి, అలాంటిది. మొదటి రకం ఎన్నొచ్చినా ఒక పట్టాన కంగారు పడం. రెండోది, మూడోది కొండ కింద పెరుగుతుంటే మాత్రం కుర్చీలోంచి లేస్తాం.

ఐస్‌లాండ్‌లో 2021లో మూడు వారాల్లో నలభై వేలకు పైగా అదుర్లు లెక్కగట్టారు, మార్చి 19న ఫాగ్రడాల్స్‌ఫ్యాల్ దగ్గర నేల చీలి లావా వచ్చింది. అది ఉన్న రేక్యానెస్ ద్వీపకల్పంలో అంతకుముందు దాదాపు 800 ఏళ్లు లావా లేదు. 2023 నవంబరు 10న గ్రిందావిక్ ఊరంతా రాత్రికి రాత్రి ఖాళీ చేయించారు. సుమారు 15 కిలోమీటర్ల పొడవున మాగ్మా గోడలా ఊరికిందికి దూరిందని ఆ అదుర్ల వల్లే తెలిసింది. డిసెంబరు 18న నేల చీలింది.

ఇదంతా చదివి, అదుర్లు వస్తే కొండ పేలడం ఖాయం అనుకోకండి. ఇటలీలో నేపుల్స్ పక్కన పొజ్జువోలి అని ఊరుంది. 1982 నుంచి 84 వరకు ఆ ఊరి నేల 1.8 మీటర్లు లేచింది, వేల అదుర్లు, నలభై వేలమందిని తరలించారు. విస్ఫోటనం రాలేదు. దీనికి ఎదురు కథ జపాన్ ఒంటాకె. 2014 సెప్టెంబరు 27, శనివారం, ఆకులు రంగు మారే కాలం, కొండ నిండా జనం. నెల మొదట్లో అదుర్లు కొంచెం పెరిగి తగ్గాయి. ఆ రోజు ట్రెమర్ మొదలయ్యాక మిగిలింది పదకొండు నిమిషాలు. 63 మంది పోయారు. ఆ రోజు సూది ముందు కూర్చున్నవాళ్ల గురించి నేను ఇప్పటికీ ఆలోచిస్తాను.


తెల్లకోటు
2025 ఆగస్టు 5, రాత్రి 10:20

సూదిగీత గారు చెప్పింది చదివాక నేనూ రాయాలనిపించింది. నేను ఫిలిప్పీన్స్‌లో ఎం.బి.బి.ఎస్ చదివాను, గుంటూరు అమ్మాయిని. 2020 జనవరి 12, ఆదివారం మధ్యాహ్నం తాల్ అగ్నిపర్వతం లేచింది. మేం మనీలా దక్షిణ శివార్లలో ఉండేవాళ్లం. సాయంత్రానికి ఆరేసిన తెల్లకోట్ల మీద బూడిద. చేత్తో దులిపితే గీరుకుంటుంది, అది పొయ్యిబూడిదలా మెత్తగా ఉండదు, నూరిన గాజు లాంటిది. పెద్ద మందుల షాపుల్లో కూడా మాస్కులు దొరకలేదు. మా రూమ్మేట్ వాళ్లిల్లు తగాయ్‌తాయ్‌లో, కొండకి ఎదురుగా. వాళ్లకి రాత్రంతా అదుర్లే. అంటే ఎక్కువ కుదుపులు బూడిద లేచాకే వచ్చాయి! అప్పుడు మాకేమీ అర్థం కాలేదు. మాగ్మా పక్కకి నేలలో దూరుతూ పోయిందని, అందుకే దూరపు ఊళ్లలో కూడా రోడ్లు బీటలిచ్చాయని తరవాత చదివాను.

అక్కడ ఉన్నన్నాళ్లూ ఎవరిని కదిపినా పినాటుబో అగ్నిపర్వతం కథ చెప్పేవారు. తెరచాప గారి ప్రశ్నకి అది పనికొస్తుంది. 1990 జులై 16న అక్కడి లుజోన్ దీవి‌లో 7.7 భూకంపం. కేంద్రం పినాటుబోకి సుమారు 100 కిలోమీటర్ల దూరం. ఆ కొండ అప్పటికి 500 ఏళ్లుగా నిద్రలో ఉంది, మీద దట్టమైన అడవి, అడవిలో ఏటా అనే తెగవాళ్ల ఊళ్లు. భూకంపం తరవాత కొండమీద ఆవిరి ఎక్కువైందని వాళ్లు చెప్పారు. 1991 మార్చిలో అదుర్లు, ఏప్రిల్ 2న ఆవిరి పేలుళ్లు. అప్పుడు ఫిలిప్పీన్స్ శాస్త్రజ్ఞులు, అమెరికా వాళ్లు కలిసి యంత్రాలు పెట్టారు. కొండలోంచి వచ్చే సల్ఫర్ డయాక్సైడ్ వాయువు మే 13న రోజుకి 500 టన్నులుంటే 28 నాటికి 5,000 టన్నులయింది, ఆ వెంటనే పడిపోయింది. దారి మూసుకుపోయిందన్నమాట. జూన్ 10న క్లార్క్ వైమానిక స్థావరం ఖాళీ చేశారు. 15న కొండ నెత్తి ఎగిరిపోయింది. అదేరోజు తుపాను. బూడిద వానలో తడిసి సిమెంటు ముద్దలా బరువెక్కి ఇళ్ల కప్పులు కూలాయి, ఎక్కువమంది అలాగే చనిపోయారు. ముందే ఖాళీ చేయించబట్టి వేలమంది బతికారు.

1990 భూకంపమే 1991 విస్ఫోటనానికి కారణమా అని మా ప్రొఫెసర్‌ని అడిగాను. "రోగి చనిపోయే ముందురోజు వాన పడింది, వాన వల్ల పోయాడని రాస్తావా? రాయవు. కానీ వానలో తడిసి న్యుమోనియా వచ్చిందేమో చూస్తావు" అన్నారు. పదకొండు నెలల దూరం ఉంది, అవునని రుజువు కాలేదు, కాదనీ తోసేయలేదు.


సిక్కోలు_కెరటం
2025 ఆగస్టు 6, ఉదయం 7:30

అక్కా, మాస్టారూ, తెరచాప అన్నా, సూదిగీత గారూ, అందరికీ దండాలు. రాత్రంతా చదివాను. పండు మాట నాయనమ్మకి చెప్పాను, "అయితే మన కొండ పండిందా, కాయా?" అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు. ఇంకోటి, ఊగితే లోపల ఏం జరుగుతుంది? సోడా సీసా ఊపితే పొంగినట్టేనా?


నల్లరాయి
2025 ఆగస్టు 6, ఉదయం 9:14

నాయనమ్మగారు అడిగిందే అసలు ప్రశ్న. ఆవిడ నా క్లాసులో ఉండాల్సింది.

సోడా పోలిక మంచిదే, కాకపోతే ఊపడం కంటే గోలీ నొక్కడం దగ్గరి పోలిక. గోలీసోడాలో గ్యాసు నీటిలోనే కరిగి, కదలకుండా ఉంటుంది. గోలీ నొక్కగానే ఒత్తిడి తగ్గి ఒక్కసారిగా బుడగలై పొంగుతుంది. మాగ్మాలోనూ నీటి ఆవిరి, కార్బన్ డయాక్సైడ్ అలాగే కరిగి ఉంటాయి. దగ్గర్లో పెద్ద పగులు జారినప్పుడు కొండ కింది రాయి ఒకచోట నొక్కుకుంటుంది, ఇంకోచోట సాగుతుంది. సాగినచోట పగుళ్లు తెరుచుకుంటే మాగ్మాకి దారి, ఒత్తిడికి సడలింపు. నొక్కుకున్నచోట దారి మూసుకోనూ వచ్చు. అందుకే ఒకే భూకంపం ఒక కొండకి తోడ్పడి, పక్కదాన్ని అణచగలదు. భూకంపపు అలలు రాతిలోంచి దాటేటప్పుడు ఊపినందువల్ల కూడా బుడగలు లేవొచ్చంటారు, అది దగ్గరి కొండలకే.

గోలీ నొక్కినట్టు కళ్లముందు జరిగింది ఒకటుంది. 1980లో అమెరికాలో సెయింట్ హెలెన్స్ అగ్నిపర్వతం. మార్చి 20న 4.2తో మొదలైంది. మాగ్మా పక్కనుంచి దూరి ఉత్తరపు వాలు రోజుకి మీటరున్నర చొప్పున ఉబ్బింది. మే 18 ఉదయం 8:32కి 5.1 వచ్చింది. ఉబ్బిన వాలు మొత్తం జారిపోయింది. మూత ఊడింది, లోపలిది పక్కకి పేలింది. 57 మంది పోయారు. ఇప్పుడు చెప్పండి, భూకంపం పేల్చిందా? వాలుని జార్చింది భూకంపం. వాలుని ఉబ్బించింది మాగ్మా. ఆ భూకంపాన్ని తెచ్చిందీ మాగ్మాయే.

బెజిమ్యాన్నీ గడువు గురించి తెరచాప గారికి: మూడేళ్లు కావచ్చు, ముప్పై కావచ్చు. రాతిలో ఒత్తిడి మెల్లగా సర్దుకుంటుంది కాబట్టి ఏళ్ల తరవాత ఫలితం రావడం అసాధ్యం కాదు. కానీ గడువు పెంచేకొద్దీ ఏ కొండైనా ఏదో భూకంపం తరవాతే లేచినట్టు కనిపిస్తుంది. అప్పుడు ఆ మాటకి బరువుండదు. నేనైతే రోజుల లెక్కని నమ్ముతాను, నెలల దగ్గర ఆగి ఆలోచిస్తాను, ఏళ్ల దగ్గర నోరు మూసుకుంటాను.

కెరటం బాబూ, నీకో పని. మీ నాన్నగారిని ఒక్కటి అడుగు. 2004కి ముందు, ముఖ్యంగా 1991లో, బారెన్ దీవి దగ్గర పొగ గానీ వెలుగు గానీ చూశారా?


నిర్వాహకులు
2025 ఆగస్టు 6, ఉదయం 11:00

ఒక సభ్యుడు పెట్టిన "సెప్టెంబరులో ఇండియా మునిగిపోతుంది" వీడియో లింకు తొలగించాం. తేదీ చెప్పి భూకంపాన్ని గానీ విస్ఫోటనాన్ని గానీ ముందే ప్రకటించే పోస్టులు ఇక్కడ ఉంచం. చర్చ కొనసాగించండి.


సిక్కోలు_కెరటం
2025 సెప్టెంబరు 25, రాత్రి 8:05

నెలన్నర అయింది, క్షమించండి. నాన్న వేట మీద ఉన్నాడు, తరవాత నాకు డ్యూటీలు. ఈలోగా ఆ కొండే మళ్లీ వార్తల్లోకొచ్చింది. బారెన్ దీవి ఈ నెలలో వారం తేడాతో రెండుసార్లు చిన్నగా మండింది. నౌకాదళం తీసిన వీడియో మీరూ చూసుంటారు. అంతకు ముందు అండమాన్ దగ్గర చిన్న భూకంపం, 4.2, వచ్చిందని రాశారు. ఇంక చూడండి, ఊరంతా "భూకంపమే లేపింది" అని మళ్లీ మొదలు. ఈసారి ఏమంటారు?


సూదిగీత
2025 సెప్టెంబరు 25, రాత్రి 9:30

4.2 ఏపాటిది తమ్ముడూ! తీవ్రత ఒక అంకె పెరిగితే శక్తి 32 రెట్లు పెరుగుతుంది. 2004 నాటి 9.1 ముందు ఇది రెండు కోట్లలో ఒక వంతు కూడా కాదు. అండమాన్ సముద్రంలో నాలుగు దాటినవి తరచూ వస్తుంటాయి, అన్నింటికీ ఆ కొండ లేవదు కదా. కొండ కిందే పుట్టిన అదురైతే మాగ్మా కదిలిన గుర్తు అనుకోవచ్చు. దూరంగా పుట్టిందైతే కాకే.

2004 సంగతి మాత్రం వేరుగా చూడాలి. కేంద్రం సుమత్రా దగ్గర అంటారు గానీ, పగులు అక్కడ మొదలై ఉత్తరంగా మీ అండమాన్ దాకా, సుమారు 1,300 కిలోమీటర్లు చీలింది. అంటే బారెన్ దీవికి అది పక్కింటి భూకంపమే. కాబట్టి మీ నాన్నగారి మాటని నేను కొట్టిపారేయను. అయినా సుమత్రా, జావాల్లో డజన్లకొద్దీ కొండలు కదల్లేదన్నదీ గుర్తుంచుకోవాలి. నడుమ ఒక మాట. 2006 మేలో జావాలో 6.3 వచ్చినప్పుడు, అప్పటికే మండుతున్న మెరాపి కొండ జోరు రెట్టింపు దాటింది. మండుతున్నదాన్ని ఎగదోయడం సులువు, చల్లారినదాన్ని అంటించడం కష్టం.

మీ నాన్నగారు ఏమన్నారు?


సిక్కోలు_కెరటం
2025 సెప్టెంబరు 26, ఉదయం 6:40

నిన్న రాత్రి కూర్చోబెట్టి అడిగాను. తొంభయ్యొకటిలో నాన్నకి ఇరవై రెండేళ్లు, తాతతో పడవెక్కేవాడు. వేసవి దాటిందో లేదో గుర్తులేదంట. తూర్పున ఆకాశం మసకగా ఉండేదట. ఒకసారి దూరంనుంచి చూస్తే దీవి నెత్తిన నల్లగా పొగ, చీకటి పడ్డాక కింద ఎర్రగా. తాత పడవ తిప్పేశాడట. తరవాత మూడు నాలుగేళ్లకి ఇంకోసారి పొగ చూశాడట.

"ఆ ఏడు ముందుగా భూమి అదిరిందా నాన్నా?" అని అడిగాను. చాలాసేపు ఆలోచించాడు. "మాకేటీ తెలీలేదురా. కొండ దానంతటదే లేచింది" అన్నాడు. ఆ మాట అన్నాక నాయనమ్మ వైపు చూశాడు. ఇరవై ఏళ్లుగా మా ఇంట్లో చెప్పుకుంటున్న కథ అది, రెండూ ఆయన కళ్లతో చూసినవే, ఎప్పుడూ పక్కపక్కన పెట్టుకోలేదు.


నల్లరాయి
2025 సెప్టెంబరు 26, ఉదయం 8:10

1991లో లేచింది, 1994, 95లో మళ్లీ లేచింది. రికార్డుల్లో కూడా అలాగే ఉంది బాబూ, మీ నాన్నగారి జ్ఞాపకం సరిగ్గా సరిపోయింది. దానికి ముందు ఆ దీవి వందేళ్లకు పైగా నిశ్శబ్దం. అంటే 2004కి పదమూడేళ్ల ముందే అది పండు.

మీ తాతగారు పడవ తిప్పినప్పుడు దీవికి ఎంత దూరంలో ఉన్నారో, గాలి ఎటునుంచి వీచిందో నాన్నగారికి గుర్తుంటే రాసిపెట్టు. అలాంటివి పుస్తకాల్లో దొరకవు.


సిక్కోలు_కెరటం
2025 సెప్టెంబరు 26, ఉదయం 8:32

రాసిపెడతాను మాస్టారూ. నాన్న మళ్లీ ఆదివారం బయల్దేరతాడు, ఆలోపే అడుగుతాను. నాయనమ్మ మూట విప్పింది. లోపల బట్టలతోపాటు తాత ఫొటో కూడా ఉంది.